ఉనికిలో ఉన్న యజమాని

నరసరావుపేటలో సత్తెనపల్లి రోడ్డు మీద ప్రజా ఫొటో స్టూడియో నడిపే గోనుగుంట యలమంద, జీవితంలో ఎవరి ముందూ తల వంచలేదని చెప్పుకునేవాడు. అది అబద్ధం. రోజుకు పదిసార్లు వంచేవాడు. ఆయన కెమెరా అలాంటిది. దాన్ని కంటికి ఆనించుకుని చూడటం కుదరదు. బొడ్డు దగ్గర పట్టుకుని, పైన మూత తెరిచి, తల వంచి లోపలికి తొంగిచూడాలి. అందులో మనిషి చక్కగా చదరపు అద్దంలో కనిపిస్తాడు గానీ కుడివైపుది ఎడమకీ, ఎడమవైపుది కుడికీ మారిపోతుంది. కుడివైపున్నదాన్నంతా ఎడమకి లాక్కొచ్చి చూపించే యంత్రం ప్రపంచంలో ఇదొక్కటేనని, దాన్ని కొన్న రోజునే యలమంద సభ పెట్టి మరీ చెప్పాడు. సభకి భార్య సామ్రాజ్యం, ఇద్దరు రిక్షావాళ్లు వచ్చారు.

భార్య పేరు సామ్రాజ్యం కావడం ఆయన తప్పు కాదు. పెళ్లినాటికి ఆయనకింకా రాజకీయాలు తెలియవు.

కెమెరా పేరు ఓర్స్‌డాల్. ఎక్కడో ఉత్తరాన, ఆర్నెల్లు మంచు కురిసే దేశంలో తయారైంది. మీడియం ఫార్మాట్ అంటారు. అంటే పెళ్లిళ్లలో అందరూ వాడిన చిన్న కెమెరాల రీలుకి రెట్టింపు వెడల్పున్న ఫిల్ము పడుతుంది. రీలుకి పన్నెండు ఫొటోలే. పన్నెండూ నిక్కచ్చిగా వస్తాయి. కనురెప్ప మీది వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. లెక్కపెట్టుకుని ఏం చేసుకోవాలని అడిగినవాళ్లని యలమంద స్టూడియోలోకి రానిచ్చేవాడు కాదు. అందువల్లే గిరాకీ తగ్గిందని సామ్రాజ్యం అనేది. పెట్టుబడిదారీ వ్యవస్థ సంక్షోభం వల్ల తగ్గిందని ఆయన అనేవాడు.

ఇలా ఉండగా ఓర్స్‌డాల్ కంపెనీ కొత్త డిజిటల్ కెమెరా విడుదల చేసింది. పాత లెన్సులు దానికి పట్టవు. లెన్సు బిగించే మూతి కొలతని నాలుగు మిల్లీమీటర్లు మార్చారు. ముప్ఫై ఏళ్లుగా ఆ లెన్సుల్ని నమ్ముకున్నవాళ్లు ఏమైపోవాలో కంపెనీ రాయలేదు. యలమందకి కావలసిందీ అదే. వారం తిరక్కుండా జిల్లా మీడియం ఫార్మాట్ కెమెరా యజమానుల హక్కుల పోరాట సమితి పుట్టింది. అధ్యక్షుడు, కార్యదర్శి, ప్రధాన వక్త యలమంద. ఉపాధ్యక్షుడు వినుకొండ ఫొటోగ్రాఫర్ షేక్ మీరావలి. ఇంకో అయిదుగురు సభ్యులు. వాళ్లలో ఇద్దరు కెమెరాలు ఎప్పుడో అమ్మేసుకున్నారు. కాదంటే యలమంద ఇంటికొచ్చి నచ్చజెబుతాడన్న భయంతో చేరారు.

ఇక డిమాండు రాయాలి. ఇతర దేశాల్లో ఇదే గొడవ పడుతున్నవాళ్లు ఇంగ్లీషులో రాసిన కాగితం ఒకటి మీరావలి సంపాదించుకొచ్చాడు. తయారీదారులు ఎగ్జిస్టింగ్ ఓనర్ల పట్ల లాయల్టీ చూపాలని అందులో ఉంది. యలమంద ఎనిమిదో తరగతి దాకా చదివాడు. తొమ్మిది నుంచి అంతా నిఘంటువే. అట్ట ఊడిపోయిన ఆ పుస్తకం తెరిచి చూశాడు. లాయల్టీ దగ్గర విధేయత అని ఉంది. ఎగ్జిస్టింగ్ దగ్గర ఉనికిలో ఉన్న అని ఉంది. రెండూ కలిపి రాస్తే ఒళ్లు గగుర్పొడిచింది.

"ఉనికిలో ఉన్న యజమానుల పట్ల కంపెనీ విధేయత చూపవలెను" అని పైకి చదివాడు.

మీరావలి తల గోక్కున్నాడు. "అన్నా, ఇప్పుడున్న యజమానులు అంటే చాలదా?"

"చాలుద్ది. కూరగాయల మార్కెట్లో చాలుద్ది. ఇది పోరాటం. బరువైన మాట పడాల."

"ఉనికిలో ఉన్న అంటన్నాం గదా. ఉనికిలో లేని యజమానులు ఎవరయ్యా అంటే ఏం చెప్తాం?"

"అడగనీ. అడిగినప్పుడు చెప్దాం."

"విధేయత ఏందన్నా మళ్లీ. ఆళ్లు మనకి చేతులు కట్టుకుని నిలబడాల్నా?"

"నిలబడాల. నిలబెడతా."

బెజవాడ గవర్నర్‌పేటలో ఓర్స్‌డాల్ ప్రాంతీయ కార్యాలయం ముందు రిలే నిరాహారదీక్ష మొదలైంది. ఉన్నది ఏడుగురు కాబట్టి రోజుకొకరు. నాలుగోరోజు మధ్యాహ్నం లోపలి నుంచి ఒక కాగితం వచ్చింది. డిమాండు యథాతథంగా, అక్షరం మార్చకుండా అంగీకరించడమైనదని అందులో ఉంది. యలమంద దాన్ని మూడుసార్లు చదివి దిగాలుపడ్డాడు. తిరస్కరిస్తే ఏం చేయాలో ఆయన దగ్గర పద్దెనిమిది పేజీల పథకం ఉంది. ఒప్పుకుంటే ఏం చేయాలో ఒక్క వాక్యం కూడా లేదు. చివరికి డప్పులు పెట్టి ఊరేగాడు. నరసరావుపేటలో జనం ఎవరో కౌన్సిలర్‌గా గెలిచాడనుకుని దండం పెట్టారు.

*

స్టూడియో ఎదురుగా గురవమ్మ ముప్ఫై ఏళ్లుగా పెరుగమ్మేది. తెల్లారి కుండతో వచ్చి, పన్నెండింటికి ఖాళీ కుండతో లేచిపోయేది. ఇన్నేళ్లలో ఆమె ఫొటో ఎవరూ సరిగ్గా తీయలేదు. రేషన్ కార్డులో ఆమె ముఖమని చెప్పబడేది ఒక నల్లటి మచ్చ. యలమంద ఏటా ఒకసారి అడిగేవాడు. ఆమె ఏటా ఒకసారి తిట్టేది. కూతురు తిరపతమ్మ పోరు పెట్టగా పెట్టగా, డెబ్భై ఆరో ఏట ఒకనాడు "సరే తియ్యి, పెరుగు పులవకముందే కానియ్యి" అంది.

యలమంద కొత్త రీలు ఎక్కించాడు. పన్నెండూ ఆమెకే కేటాయించాడు. పన్నెండోది నొక్కాక లోపల టక్కుమని శబ్దం వచ్చి కెమెరా బిగుసుకుపోయింది. పైకి లేచిన లోపలి అద్దం దిగలేదు, మర తిరగలేదు. ఓర్స్‌డాల్‌లో ఒక గొప్ప సౌకర్యం ఉంది. షట్టర్ బిగుసుకుంటే ఫిల్ము ఉన్న వెనకపెట్టె తెరుచుకోదు. యజమాని తొందరపాటు నుంచి ఫిల్మును కాపాడేందుకని పుస్తకంలో రాశారు. దాన్ని విడిపించే తాళంచెవి లాంటి పనిముట్టు కంపెనీ దగ్గర మాత్రమే ఉంటుంది. ఈ సౌకర్యాన్ని యలమంద పాతికేళ్లు అందరికీ పొగిడి చెప్పాడు. సుత్తి పెట్టి కొడితే తెరుచుకునేదే. వెలుగు పడి గురవమ్మ కూడా పోయేది.

కెమెరాని తుండుగుడ్డలో చుట్టుకుని బెజవాడ బస్సెక్కాడు. ధైర్యంగానే వెళ్లాడు. తన పోరాటానికి లొంగిన ఆఫీసుకే గదా వెళ్తున్నది.

తలుపు మీద "ఉనికిలో ఉన్న యజమానుల పట్ల విధేయతా విభాగం" అని ఇత్తడి అక్షరాలతో రాసి ఉంది. తన వాక్యం ఇత్తడిలో చూసి యలమంద కాసేపు అక్కడే నిలబడిపోయాడు. లోపల ప్రాంతీయ విధేయతాధికారి కల్లూరి విశ్వంభరం ఉన్నాడు. యలమందని చూడగానే లేచి, చేతులు కట్టుకుని, తల దించి నిలబడ్డాడు. వెనక ఇద్దరు గుమాస్తాలు కూడా అలాగే నిలబడ్డారు.

"కూర్చోండి సార్" అన్నాడు యలమంద ఇబ్బందిగా.

"యజమానుల సమక్షంలో ఆసీనులగుట విధేయతకు విరుద్ధం. ఆజ్ఞాపించండి."

యలమంద కెమెరా బల్ల మీద పెట్టి విషయం చెప్పాడు. గుమాస్తా రెండు చేతులతో దాన్ని అందుకుని, కళ్లకద్దుకుని, ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"సంస్థ దీనిని ఉచితముగా బాగుచేయును. తమరు ఉనికిలో ఉన్నట్లు ఆధారము సమర్పించినచో" అన్నాడు విశ్వంభరం.

"ఏం సమర్పించినచో?"

"సంస్థ విధేయత ఉనికిలో ఉన్న యజమానులకు మాత్రమే వర్తించును. అది తమ డిమాండే."

"నేను మీ ముందే నిలబడి ఉన్నా గదండీ."

"నిలబడుట ఒక భంగిమ. దానిని ఆధారముగా స్వీకరించజాలము. విధేయతతో తిరస్కరిస్తున్నాము."

ముగ్గురూ ఇంకొంచెం వంగారు. యలమంద జీవితంలో చాలామంది అధికారుల మీద అరిచాడు. చేతులు కట్టుకుని వంగినవాడి మీద ఎలా అరవాలో ఆయనకి తెలియలేదు. ఏదో ఒక కాగితం తెస్తానని బయటికొచ్చేశాడు.

తహసీల్దారు ఆఫీసులో గుమాస్తా ఆయన చెప్పింది రెండుసార్లు విన్నాడు. "పుట్టినట్టు కావాలంటే ఇస్తా. పోయినట్టు కావాలంటే ఇస్తా. మధ్యలో ఉన్నట్టు మా దగ్గర ఫారం లేదు" అన్నాడు.

"పింఛనుదార్లకి ఏటా ఇస్తారుగా బతికున్నట్టు?"

"వాళ్లు గవర్నమెంటోళ్లు. వాళ్లు బతికుంటే గవర్నమెంటుకి బాధ. నువ్వు బతికుంటే ఎవరికి బాధయ్యా?"

యలమంద దీనికి పెద్ద జవాబే మొదలుపెట్టాడు గానీ గుమాస్తా టీకి లేచిపోయాడు. అయిదుసార్లు తిరిగాక, ఈయన పోరు పడలేక నివాస ధ్రువపత్రం ఇచ్చారు. ఫలానా వ్యక్తి ఫలానా ఇంటిలో నివసిస్తున్నాడని దాని సారాంశం.

విశ్వంభరం నిలబడే దాన్ని చదివాడు.

"నివసించుట వేరు, ఉనికి వేరు. సంస్థ దృష్టిలో ఉనికి అనగా యజమానిగా ఉనికి. యజమాని అనగా కెమెరా కలిగినవాడు. తమ వద్ద కెమెరా ఉన్నదా?"

"మీ బీరువాలో ఉంది."

"అనగా తమ వద్ద లేదు."

"అంటే నేను యజమానిని కాదా?"

"అంత మాట మేమనలేము. తమరే అన్నారు. రాసుకో" అని గుమాస్తాతో చెప్పాడు. "అయిననూ ఒక మార్గమున్నది. అదే కెమెరాతో, గత మూడు మాసములలో తీయబడిన తమ ఛాయాచిత్రము రెండు ప్రతులు సమర్పించవచ్చును."

"అది బాగైతేగదా తీసేది."

"బాగుచేయుటకే గదా ఆధారము అడుగుచున్నాము."

యలమందకి నవ్వొచ్చింది. నవ్వు కూడా కోపంతోనే వచ్చింది. "ఈ రూలు రాసినోడెవడండీ? వాడికి బుర్రుందా?"

విశ్వంభరం బీరువాలోంచి ఒక కాగితం తెప్పించి విధేయంగా ముందు పెట్టాడు. అది సమితి వినతిపత్రం. మూడో పేజీలో, వంకరటింకర చేతిరాతతో, ఎర్రసిరాతో ఇలా ఉంది: "ఉనికిలో లేనివారు ఉన్నట్టు నటించి లబ్ధిపొందకుండా కంపెనీ కఠిన నిబంధనలు పెట్టాలి." దీక్ష మూడోరోజు, సమితిలో కెమెరాలు అమ్ముకున్న ఆ ఇద్దరి మీద కోపమొచ్చి రాసింది. చేతిరాత ఎవరిదో యలమందకి వెంటనే తెలిసింది.

"మా ప్రధాన కార్యాలయమువారు ఈ వాక్యమును మిక్కిలి మెచ్చుకొనినారు. అన్ని దేశములకు పంపినారు" అన్నాడు విశ్వంభరం.



*

పోనీ ఇంకేదైనా దారి ఉందేమో అడుగుదామని మళ్లీ వెళ్తే, విధేయత ఏకపక్షంగా ఉండజాలదని, యజమాని విధేయతను కూడా కొలవాలని ప్రశ్నావళి ఇచ్చారు. ఇతర సంస్థల లెన్సుల వైపు ఎన్నడైనను చూచితిరా. చూచినచో ఏ భావముతో. స్వప్నమున కొత్త డిజిటల్ కెమెరా కనిపించినదా. కనిపించినచో పాత కెమెరాకు ఆ సంగతి తెలియునా. యలమంద అన్నిటికీ నిజాయితీగా జవాబు రాశాడు. అదే ఆయనకున్న జబ్బు. గుంటూరు ఎగ్జిబిషన్‌లో జపాన్ లెన్సు ఒకదాన్ని అరగంట చేతిలో పట్టుకున్నానని, పట్టుకున్నప్పుడు సంతోషంగా ఉందని రాశాడు. ఆయన దరఖాస్తు విచారణ వరసలో పద్నాలుగు నెలలు వెనక్కి పోయింది.

ఈ తిరుగుళ్లలో రెండు నెలలు గడిచాయి. గురవమ్మ రోజూ కుండ దింపుకుంటూ అడిగేది.

"ఏమబ్బాయ్, నా బొమ్మ ఏది?"

"వస్తంది వదినా. బెజవాడలో ఉంది."

"నేను బెజవాడ పోకుండా నా బొమ్మ పోయిందా. దానికి తోడెవరన్నా ఉన్నారా?"

"ఇనప బీరువాలో భద్రంగా ఉంది వదినా."

"జైల్లో పెట్టావంటే చెప్పు, దాయటమెందుకు."

ఒక సోమవారం గురవమ్మ రాలేదు. మంగళవారం కబురొచ్చింది. పేట మొత్తం వెళ్లింది. గుండె ఆగిందట, పెద్ద బాధ పడలేదట. మూడోరోజు సాయంత్రం తిరపతమ్మ స్టూడియోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పదకొండో రోజు పెద్దకర్మ. దండేద్దామంటే అమ్మ బొమ్మ ఒక్కటి లేదు. ఎవరి బొమ్మ పెట్టమంటావు చెప్పు. నీ బొమ్మ పెట్టనా?"

యలమంద గొంతు సవరించుకున్నాడు. ఓర్స్‌డాల్ కంపెనీ వర్గస్వభావం గురించి మొదలుపెట్టాడు. తిరపతమ్మ రెండు నిమిషాలు విన్నది.

"బాబాయ్, అదంతా నాకెందుకు. మా అమ్మ ఉండిందని చెప్పడానికి ఈ భూమ్మీద ఆ రీలొక్కటే ఉంది. అది నీ చేతుల్లోంచి పోయింది. తెస్తావా తేవా?"

ఆమె వెళ్లిపోయాక యలమంద ఖాళీ కెమెరా స్టాండు మడిచి గోడకి ఆనించాడు. తనకి ఉనికి లేదన్నవాళ్ల మీద రెండు నెలలు యుద్ధం చేశాడు. ఆ ముసలావిడకున్న ఒక్క ఉనికీ ఆ యుద్ధం కిందనే పడి ఉంది. ఇది తనకి ముందే తట్టి ఉండాలి. తట్టలేదు. తట్టనందుకు తిట్టుకోవడానికి కూడా ఆయనకి వేదిక మీది మాటలే వచ్చాయి.

మర్నాడు బెజవాడలో ఆయన అరవలేదు. "సార్, పదకొండో రోజులోపు ఆ రీలు కావాలి. ఏ దారైనా చెప్పండి" అన్నాడు.

విశ్వంభరం మొదటిసారి తలెత్తి చూశాడు. గుమాస్తాల్ని బయటికి పంపాడు. తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. కూర్చుంటే మామూలు మనిషిలాగే ఉన్నాడు.

"యలమంద గారూ, ఉనికిలో ఉన్నవాళ్లకి పద్నాలుగు నెలలు పడుతుంది. లేనివాళ్లకి వారం. తొమ్మిదో నిబంధన చూడండి. ఉనికి నిరూపించుకోని యజమాని ఉనికిలో లేనట్టే. వాళ్ల పట్ల సంస్థకి విధేయత అక్కర్లేదు. విధేయత లేదు కాబట్టి విచారణ లేదు. వస్తువు బాగుచేసి ఇంటివాళ్లకి ఇచ్చేయడమే."

"అంటే నేను చచ్చిపోవాల్నా?"

"ఛ, ఛ. దరఖాస్తు వెనక్కి తీసుకుంటే చాలు. డెత్ సర్టిఫికెట్ కూడా అడగం. అయితే మీరు సంతకం చేయకూడదు. లేనివాడు సంతకం చేయలేడు. మీ ఇంటావిడ చేయాలి." ఒక్క క్షణం ఆగి, మళ్లీ లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "మరియు సంస్థ ఆనవాయితీ ప్రకారము సంస్మరణ సభయందు మాత్రమే వస్తువు అందజేయబడును."

ఇంట్లో సామ్రాజ్యం పప్పు రుబ్బుతూ విన్నది. తిరపతమ్మ కూడా అక్కడే ఉంది.

"సంతకం పెడతా. బొట్టు మాత్రం తీయను. ఆయన పోయేది వాళ్ల కాగితాల్లో, మా ఇంట్లో కాదు" అంది సామ్రాజ్యం.

"ఏందే, అంత తేలిగ్గా ఒప్పుకుంటన్నావ్" అన్నాడు యలమంద. ఎందుకో నొచ్చుకున్నాడు.

"నువ్వు ఉండి ఏం సాధించావో చూశాంగా. లేకుండా ఏమన్నా పనవుద్దేమో చూద్దాం."

"అవుద్దంటే పో బాబాయ్. ఎనిమిదో రోజుకల్లా పో" అంది తిరపతమ్మ.

*

సంస్మరణ సభ తొమ్మిదో రోజు పొద్దున, పేటలోనే, ఒక కల్యాణమండపంలో పెట్టారు. కంపెనీవాళ్లు ఇడ్లీ, వడ, ఉప్మా పెట్టారు. యలమంద పెట్టిన సభలకి ఎన్నడూ రాని జనం వచ్చారు. పిడుగురాళ్ల నుంచి, చిలకలూరిపేట నుంచి ఫొటోగ్రాఫర్లు వచ్చారు. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. యలమంద చివరి వరసలో స్తంభం పక్కన కూర్చుని తలలు లెక్కపెట్టాడు. మూడు వందల పన్నెండు. పాతికేళ్ల ప్రజాజీవితంలో ఆయన సభకి వచ్చిన అత్యధికం పందొమ్మిది. అందులో ఇద్దరు రిక్షావాళ్లు.

వేదిక మీద పూలదండతో ఓ ఖాళీ ఫ్రేము ఉంది. ఫొటో అదే కెమెరాతో తీసినది ఉండాలని నిబంధన. ముందు వరసలో సామ్రాజ్యం రూపాయి కాసంత బొట్టుతో కూర్చుంది. విశ్వంభరం ఆ బొట్టు వైపు చూసి, మళ్లీ చూడకుండా జాగ్రత్తపడ్డాడు.

మొదట మీరావలి మాట్లాడాడు. "యలమందన్న గురించి నేనేం చెప్పను. ఆయన ఉన్నప్పుడు మాకెవరికీ మాట్లాడే వంతు రాలా. మైకు ఇంత బరువుంటదని నాకివాళే తెలిసింది" అన్నాడు. జనం నవ్వారు. యలమందకి పక్కన కూర్చున్న సత్తెనపల్లి ఆసామి ఆయన మోకాలి మీద తట్టి, "నిజమే గదా యలమందా" అన్నాడు.

తర్వాత విశ్వంభరం నివాళి చదివాడు.

"కీర్తిశేషులు యలమందగారు మితభాషి."

హాల్లో కొందరు వెనక్కి తిరిగి చూశారు. యలమంద వడ కొరికాడు.

"సౌమ్యులు. సంస్థపై వారికి ఎన్నడునూ ఏ ఫిర్యాదునూ లేదు."

యలమంద కుర్చీ కిర్రుమంది.

"పాత యజమానుల పట్ల సంస్థ చూపిన ఆదరణకు చలించి, ఆనందబాష్పములతో వారు తుది వరకు..."

యలమంద లేచి నిలబడ్డాడు. అది ఆయన చేసింది కాదు. మోకాళ్లు వాటంతటవే చేశాయి. ఏ సభలోనైనా అబద్ధం వినిపిస్తే అవి అలా లేవడం పాతికేళ్ల అలవాటు.

విశ్వంభరం ఆగాడు. కాగితం దించి, హాలంతటినీ ఉద్దేశించి నెమ్మదిగా అన్నాడు. "నివాళిపై ఎవరికైనా అభ్యంతరములున్నచో ఇప్పుడే తెలుపవచ్చును. తెలిపినచో విచారణ జరుపబడును. అందజేత అంతవరకు వాయిదా వేయబడును."

 వేదిక మీద బల్లపై కెమెరా ఉంది. ఇంకా తెరవలేదు. పక్కనే కంపెనీ మెకానిక్ చేతిలో ఆ తాళంచెవి లాంటి పనిముట్టు ఉంది. గోడ దగ్గర తిరపతమ్మ నిలబడి ఉంది. ఆమె బతిమాలేట్టు చూడలేదు. వీడింతే అన్నట్టు చూసింది.

యలమంద నోట్లో మాట తయారుగా ఉంది. మంచి మాట. నిఘంటువు అవసరం లేని మాట. దాన్ని వడతో పాటు మింగాడు. గొంతులో అడ్డం పడింది. దగ్గాడు. "చట్నీ అయిపోయింది. ఏసుకొస్తా" అని పక్కవాడితో అని, గిన్నె పట్టుకుని వంట గదివైపు నడిచాడు. అక్కడ తలుపు చాటున నిలబడి మిగతా ఇరవై నిమిషాలూ విన్నాడు. తాను ఎంత విధేయుడో, ఎంత నెమ్మదస్తుడో, కంపెనీ పుట్టినిల్లులాంటిదని ఎన్నిసార్లు అన్నాడో అన్నీ విన్నాడు. ఒక్కదానికి కూడా జవాబు చెప్పలేదు. వంటమనిషి ఆయన ముఖం చూసి, "పోయినాయన మీకు బాగా దగ్గరోడా" అని అడిగాడు.

"దగ్గరోడే. పెద్దగా పడదు" అన్నాడు యలమంద.

మెకానిక్ పనిముట్టు తిప్పాడు. టక్. అద్దం దిగింది. పని మొత్తం పదకొండు సెకన్లు పట్టింది. సామ్రాజ్యం కెమెరా అందుకుని, అందరికీ దండం పెట్టి, ఎడం చేత్తో కొంగు సర్దుకుని దిగింది.

*

మధ్యాహ్నానికల్లా ఫిల్ము కడిగి, ఆరబెట్టి, పన్నెండూ అచ్చువేశాడు. బల్ల మీద వరసగా పరిచాడు. పదకొండింటిలో గురవమ్మ బిగుసుకుపోయి ఉంది. కళ్లు తెరిచి, మూతి బిగించి, పోలీసు స్టేషన్‌లో కూర్చోబెట్టినట్టు. పన్నెండో దాంట్లో ఎవరో కుండ మీద చేయి వేసినట్టున్నారు. ఆమె సగం లేచి, చేయెత్తి, నోరు తెరిచి, ఎవరినో దులిపేస్తోంది. కొంగు ఎగిరింది. చేయి కదిలి మసకబారింది.

తిరపతమ్మ పదకొండింటినీ దాటుకుని పన్నెండో దాని దగ్గర ఆగింది.

"ఇది."

యలమందలో ఫొటోగ్రాఫర్ లేచాడు. "అది కాదమ్మా. చెయ్యి కదిలింది, ఫోకస్ లేదు. ఇదిగో, ఏడోది చూడు. కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. వెలుతురు ఎట్టా పడిందో చూడు, ముఖం రెండు భాగాలుగా..."

"బాబాయ్. నువ్వు పోయినోడివి గదా. పోయినోళ్లు మాట్లాడమాకండి. అది పెద్దది చేసియ్యి."

యలమంద నోరు తెరిచాడు. అదే రోజు రెండోసారి మూశాడు. లోపలికి వెళ్లి పెద్దది చేశాడు.

పెద్దకర్మ రోజు గురవమ్మ ఇంటి ముందు పందిట్లో ఆ ఫొటో పెట్టారు. దండ వేశారు గానీ, ఎత్తిన చేతికి అది అడ్డం పడుతుంటే తిరపతమ్మ పక్కకి జరిపింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఫొటో ముందు ఆగారు. దండం పెట్టాల్సిన చోట ఎవరికీ దండం పెట్టబుద్ధి కాలేదు. ఒకాయన చెప్పులు సర్దుకుని వరసలో పెట్టాడు. ఒకావిడ, "నిన్ననే వద్దామనుకున్నా, పిన్నమ్మా, మా పిల్లకి జొరమొచ్చింది" అంది. ఒకడు ఆ కుండ మీద చేయి వేసింది తాను కాదని చెప్పుకున్నాడు. ఎవరూ అడగకుండానే.

యలమంద వంతు వచ్చింది. ఆయన దగ్గర ఈ సందర్భానికి నాలుగు పేజీల ఉపన్యాసం జేబులో ఉంది. బయటికి తీయలేదు. తల వంచాడు. ఈసారి చేతిలో కెమెరా లేదు.

"ఆలస్యం నావల్లే, వదినా" అన్నాడు.